చేసి చూపించినవాళ్ళకే నోరు

ఆ చట్టం ఒక కామెంటులోంచి పుట్టింది. మేధావులు నెలల తరబడి కూర్చుని, మంచినీళ్ళ సీసాలు ఖాళీ చేసి తయారుచేసిన చట్టాలకి ఇది ఏ విధంగానూ తీసిపోదని ముందే మనవి చేసుకోవడం న్యాయం.

తణుకు బస్టాండు దగ్గర లేడీస్ టైలరు ధనరత్నం పేరు వినని ఆడవాళ్ళు ఆ చుట్టుపక్కల అరుదు. నలభై ఆరేళ్ళ మనిషి. ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి, దారపు రీళ్ళ డబ్బాకి ఫోను ఆనించి, సరిగ్గా నాలుగింటికి లైవులోకి వచ్చేది. ఆ వారం చూసిన సినిమా, నడుస్తున్న సీరియలు, పెళ్ళికి ముందు ఫోటోల కోసం వరిచేలో పడి దొర్లే జంటలు, మునిసిపాలిటీ డ్రైనేజీ, దేని గురించయినా సరే, తోచింది తోచినట్టు చెప్పేది. ఛానెలుకి పదకొండు వేలమంది ఉన్నా, కామెంట్లలో దిగి గంటసేపూ కొట్టుకునేవాళ్ళు ఓ నలభై మంది. వాళ్ళు తమని తాము 'మిషన్ మెంబర్లు' అని పిలుచుకునేవారు. రత్నం బాగుందంటే బాగోలేదనడానికీ, బాగోలేదంటే నీకేం తెలుసు అనడానికీ వాళ్ళు ఆదివారం భోజనాలు త్వరగా ముగించుకునేవారు. అందరిలోకీ పెద్ద గొంతు మోటార్లు వైండింగు చేసే మస్తాన్‌ది.

వారమంతా ఊళ్ళో ఆడవాళ్ళ కొలతలూ ఫిర్యాదులూ వినే మనిషికి, ఆ ఒక్క గంటా ఊరు తన మాట వినడం, విని దెబ్బలాడడం ప్రాణానికి ఎంతో హాయిగా ఉండేది. ఆ గంట లేకపోతే మిగతా వారం గడవదని రత్నానికి బాగా తెలుసు.

ఒక ఆదివారం ఆవిడ ఒక పెద్ద సినిమా గురించి మాట్లాడింది. పేరు అనవసరం, హీరో గొడ్డలి పట్టుకుని వానలో నడిచొచ్చే సినిమా అంటే ఆ యేడు పదకొండు వచ్చాయి. "సెకండాఫ్ సాగదీశారండీ బాబూ. ఆ రెండు ఫైట్లూ కత్తిరించేసుంటే ఒంటికి సరిపోయేది" అంది. కింద ఎవరో అభిమాని, "అంత తెలిసినదానివి నువ్వు తీసి చూపించు" అని రాశాడు.

ఈ మాట తెలుగునాట రోజుకి లక్షసార్లు రాస్తారు, ఎవరూ రెండోసారి చదవరు. కానీ ఆ సినిమా తీసిన నిర్మాతగారి బావమరిది రాజధానిలో ఒక ముఖ్యమైన కుర్చీకి పక్క కుర్చీలో ఉండేవాడు. ఆయన ఆ వాక్యం చదివి, అందులోని లోతుకి కదిలిపోయాడు. మూడు వారాల్లో 'అనుభవపూర్వక అభిప్రాయ వ్యక్తీకరణ (క్రమబద్ధీకరణ) చట్టం' వచ్చేసింది. దాని మూడో సెక్షను ఇలా ఉంది: 'ఏదేని ఒక పనిని గూర్చి అభిప్రాయము వెలిబుచ్చు వ్యక్తి, సదరు పనిని కనీసం ఒక పర్యాయము స్వయముగా చేసి యుండవలెను.' చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో చూశారా! ప్రజలు కూడా మొదటి రెండు రోజులూ చప్పట్లు కొట్టారు. మూడోరోజు నుంచి చప్పట్లు కొట్టడానికి అర్హతలు అడగడం మొదలైంది.

ఆ బుధవారం రత్నం షాపుకి ఒక పెద్దమనిషి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, ముఖంలో సంతోషంగానీ దుఃఖంగానీ ఏదీ లేదు. ఆయనే, కొత్త చట్టం అమలుకి వేసిన మండలి తరఫున వచ్చిన ప్రాంతీయ అభిప్రాయాధికారి శ్రీ అనంతపద్మనాభం.

"ధనరత్నం అనువారు తమరేనా?"

"అనువాళ్ళం మేమేనండి. జాకెట్టు ముక్కలా, పంజాబీ డ్రెస్సా?"

"నోటీసు" అన్నారాయన, ఫైలు విప్పుతూ. "గత నెల పద్నాలుగవ తేదీ సాయంత్రం నాలుగు గంటల ఇరవై రెండు నిమిషములకు తమరు ఒక చలనచిత్రపు ద్వితీయార్ధమును గూర్చి 'సాగదీశారు' అని వ్యాఖ్యానించి, ఆ వీడియోను నేటికీ తొలగించక యున్నారు. తమరు పూర్వము ఏదైనా చలనచిత్రపు ద్వితీయార్ధమును సాగదీసి యున్నారా?"

"లేదండి."

"సాగదీయకుండా తీసి యున్నారా?"

"అసలు తియ్యనే లేదండి."

"అనగా రెండు విధములుగానూ అనుభవము లేదు" అని రాసుకున్నారు పద్మనాభంగారు.

"అదేంటండీ బాబూ! టిక్కెట్టు కొనుక్కుని మూడుగంటలు కూర్చున్నానండి. నడుం పట్టేసింది. అది అనుభవం కాదా?"

"కాదు. అది వినియోగము." ఆయన మరో పేజీ తిప్పారు. "నాలుగు గంటల ముప్పై ఒకటవ నిమిషమున 'హీరో కోటు భుజాలు జారిపోయాయి' అని కూడా అన్నారు. ఇది చెల్లుతుంది. తమరు దర్జీ కనుక కోట్లపై సంపూర్ణ స్వేచ్ఛ కలదు. చొక్కాలు, పంట్లాములపై కూడా."

రత్నానికి ఒళ్ళు మండింది. "సరేనండి. మరి మీరు చూశారా ఆ సినిమా? మీకెలా అనిపించింది?"

పద్మనాభంగారు వెనక్కి తిరిగి చూశారు, ఆ ప్రశ్న తన వెనక ఇంకెవరినైనా అడిగిందేమోనని. ఎవరూ లేరు. "నాకు అనిపించుటయా? నేను ప్రభుత్వోద్యోగిని అమ్మా" అని నోటీసు మిషను మీద పెట్టి, సంతకం తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం రత్నం లైవులో ఒక్క మాట తప్పు మాట్లాడలేదు. కొత్తగా వచ్చిన సినిమా గురించి గంటసేపు కుట్టుపని మీదే చెప్పింది. హీరోయినుకి మొదటి పాటలో మీటరున్నర గుడ్డ, రెండో పాటలో మీటరు, మూడో పాటలో చేతిరుమాలు అంది. అన్నదమ్ములు చిన్నప్పుడు తప్పిపోయినా ఇరవై ఏళ్ళ తర్వాత ఇద్దరి చొక్కాలూ ఒకే టైలరు కుట్టాడంది. విలను కొడుకు చచ్చిపోయాక కూడా ఇస్త్రీ మడత చెదరలేదంది. విన్నవాళ్ళకి సినిమా ఎలా ఉందో పూర్తిగా అర్థమైపోయింది.

మెంబర్లూ అదే దారి పట్టారు. ఆటో నడిపేవాళ్ళు ఛేజింగుల గురించీ, మంగలిషాపు వాళ్ళు పెట్టుడు గడ్డాల గురించీ రాశారు. పాపం మస్తాన్‌కి మాత్రం ఆ సినిమా మొత్తంలో దొరికింది హీరోయిను గదిలో ఫ్యాను ఒక్కటే. "వైండింగు పోయింది రత్నంగారూ" అని రాసి ఊరుకున్నాడు. ఎవరి పని వాళ్ళదే కాబట్టి, కాదనే హక్కు ఎవరికీ లేదు. గంటలో ఒక్క దెబ్బలాటా లేదు. లైవు ఆపేశాక రత్నానికి నోరంతా చేదుగా అనిపించింది. మంచినీళ్ళు తాగినా పోలేదు.

ఇక ఊళ్ళో సంగతి చెప్పనక్కర్లేదు. హోటల్లో ఇడ్లీ గట్టిగా ఉందన్న ఒక పెద్దాయన్ని మర్యాదగా వంటింట్లోకి తీసుకెళ్ళి పిండి రుబ్బించారు. రోడ్డు మీద గుంత ఉందని ఫిర్యాదు చెయ్యాలంటే మూడు మీటర్ల రోడ్డు వేసిన అనుభవం చూపించాలన్నారు. జనం రోషంతో కంకరా తారూ తెచ్చి స్వయంగా రోడ్డు వేసి, చేతులు దులుపుకుని, ఇక మునిసిపాలిటీని తిడదామని చూస్తే గుంత లేదు. అత్తగారి గురించి నోరెత్తాలంటే అత్తగారై ఉండాలని తేలింది. అత్తలు మాత్రం ఒకప్పుడు కోడళ్ళే కనుక వాళ్ళకి రెండువైపులా అర్హత ఉన్నట్టు మండలి స్పష్టం చేసింది. పదవిలో ఉన్నవాళ్ళని విమర్శించడానికి కనీసం ఎన్నికల్లో పోటీ చేసి ఉండాలన్నారు. దాంతో ఒక చిన్న వార్డు ఉప ఎన్నికకి ఆరువందల పన్నెండు నామినేషన్లు పడ్డాయి. ఒక్కరికీ గెలవాలని లేదు, తిట్టే అర్హత వస్తే చాలన్నారు. శ్మశానం బాగాలేదంటూ వచ్చిన ఫిర్యాదుని మాత్రం మండలి, తగిన అర్హత గల ఫిర్యాదుదారు దొరికే వరకు, పెండింగులో పెట్టింది.

ఇవన్నీ జనం భరించారు. చిక్కు వచ్చిందల్లా ఆ నిర్మాతగారి తర్వాతి సినిమా విడుదలైనప్పుడే.

చట్టంలో 'అభిప్రాయము' అని ఉంది తప్ప 'చెడ్డ అభిప్రాయము' అని లేదు. సినిమా బాగుందనడానికి కూడా సినిమా తీసి ఉండాలి. ఈల నోటితో వెలిబుచ్చే అభిప్రాయమనీ, చప్పట్లు చేతులతో వెలిబుచ్చే అభిప్రాయమనీ, కాగితాలు చింపి ఎగరెయ్యడం లిఖితపూర్వక అభిప్రాయం కిందికి వస్తుందనీ అంతకుముందే మండలి వివరణ ఇచ్చి ఉంది. మొదటి ఆటకి హాలు నాలుగు మూలలా మండలి సిబ్బంది నిలబడ్డారు. హీరో గొడ్డలితో తెరమీద ప్రత్యక్షమైతే, ఏడువందల మంది అభిమానులు పరీక్ష రాసేవాళ్ళలాగ తలలు దించుకుని కూర్చున్నారు. మస్తాన్ ఆ హీరోకి పదిహేనేళ్ళ అభిమాని. తువ్వాలు నోట్లో కుక్కుకుని మూడుగంటలూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. బయటికి వచ్చినవాళ్ళని లోపలికి వెళ్ళేవాళ్ళు "ఎలా ఉంది?" అని అడిగితే, "చూశాం" అని మాత్రం చెప్పారు. రెండోరోజు సాయంత్రానికి హాల్లో మనుషుల కంటే సిబ్బందే ఎక్కువ.

నిర్మాతగారు ఆదరాబాదరాగా పద్మనాభంగారి ఆఫీసుకి వచ్చిపడ్డారు. "పొగడ్త అభిప్రాయం ఎలా అవుతుందండీ? అది వాస్తవం! తిట్టేదొక్కటే అభిప్రాయం. మీరు ఆ మేరకు ఒక్క ముక్క రాసిపడెయ్యండి."

పద్మనాభంగారు రాసిపడెయ్యలేదు. రాయడమే తప్ప పడెయ్యడం ఆయనకి అలవాటు లేదు. సందేహం వివరిస్తూ మండలికి లేఖ పంపారు. మండలి నుంచి జవాబు వచ్చింది: 'ఏది అభిప్రాయము, ఏది కాదు అని నిర్ణయించుట కూడా ఒక అభిప్రాయమే. కావున నిర్ణయించు అధికారికి అభిప్రాయము కలిగియున్న అనుభవము తప్పనిసరి. మండలిలో ఏ అధికారికీ అట్టి అనుభవము ఉన్నట్లు సర్వీసు రికార్డులలో కనబడుట లేదు. తమరు వారం దినములలోగా ఏదేని అభిప్రాయ కూడలికి స్వయముగా హాజరై, అనుభవము గడించి, సదరు కూడలిని కొనసాగించవలెనా, మూసివేసి పరికరములు స్వాధీనపరచుకొనవలెనా, చట్టము ఎట్లున్నది అను విషయములపై నివేదిక సమర్పించవలెను.'

తన పరిధిలో పద్మనాభంగారికి తెలిసిన అభిప్రాయ కూడలి ఒక్కటే.

ఆదివారం మూడూ నలభైకి ఆయన రత్నం షాపుకి వచ్చి, ఉత్తర్వు చదివి వినిపించి, స్టూలు మీద కూర్చున్నారు. రత్నం మనసులో లెక్క వేసుకుంది. ఈయన నోట్లోంచి ఒక అభిప్రాయం రాకపోతే అనుభవం రాదు. అనుభవం రాకపోతే నివేదిక లేదు. నివేదిక లేకపోతే మూసివేతే ప్రభుత్వానికి సులువు. ఫోను పోతుంది, ఛానెలు పోతుంది, ఆ గంటా పోతుంది. షాపు వెనక గదిలోకెళ్ళి, చిన్న గ్యాసు పొయ్యి మీద టీ పెట్టి తీసుకొచ్చి ఆయన చేతికిచ్చింది. లైవు మొదలుపెట్టింది. సంగతి ముందే పాకిపోవడంతో తొమ్మిదివందల మంది చూస్తున్నారు.

"ఏదో ఒకటి చెప్పండి సార్. మీ ఇష్టం."

"ఇష్టము అనగా?" అన్నారు పద్మనాభంగారు.

"పోనీ, మీకే రంగంటే ఇష్టం?"

"ఆయా కాలములలో ప్రభుత్వము నిర్ణయించు రంగు."

"ఇవాళ ఎండ ఎలా ఉంది?"

"అది వాతావరణ శాఖ పరిధి."

"ఇడ్లీయా, ఉప్మాయా?"

"ఇంట్లో ఏది పెడితే అది." ఆయన నుదుట చెమట పట్టింది. పాపం ఆయన నిజంగానే ప్రయత్నిస్తున్నారు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో పైవారి అభిప్రాయంతో ఏకీభవించడమే తప్ప, సొంతానికి ఒకటి కావలసివస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. 'సార్ మోటారు జామైపోయింది రత్నంగారూ, కొంచెం నూనె వెయ్యాలి' అని మస్తాన్ తన అర్హత మేరకు కామెంటు పెట్టాడు.

పద్మనాభంగారు తోచక టీ ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. మూడో గుక్కకి ఆయన ముఖంలో ఏదో కదిలింది. పెదవులు బిగుసుకున్నాయి.

"ఇందులో..." అన్నారు.

"చెప్పండి సార్" అంది రత్నం.

"ఇందులో పంచదార ఎక్కువైంది."

పద్మనాభంగారు గ్లాసుకేసి బెదురుగా చూశారు. తర్వాత గొంతు కాస్త పెరిగింది. "యాలక్కాయ కూడా అనవసరం. మా ఆఫీసులోనూ ఇంతే. ముప్పై రెండేళ్ళ నుంచీ పానకం తాగుతున్నాను. రోజుకి రెండుసార్లు. ఒక్కరోజు కూడా చెప్పలేదమ్మా నేను!"

రత్నానికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. తన టీకి వంక పెట్టాడన్న కోపం కూడా లేకపోలేదు.

అంతలోనే ఆయన ముఖం పాలిపోయింది. "సెక్షను మూడు" అన్నారు. "నేను జీవితంలో ఎన్నడూ టీ పెట్టలేదు. ఇది ఉల్లంఘన." ఫైలు విప్పి, తన పేరు మీద తనే నోటీసు రాసి, జారీ చేసినట్టు ఒకచోటా, అందుకున్నట్టు ఇంకోచోటా సంతకం పెట్టారు. "చట్ట ప్రకారం రెండే మార్గాలు. అభిప్రాయాన్ని ఉపసంహరించుకోవాలి, లేదా అనుభవం గడించాలి."

"ఉపసంహరించుకోండి సార్, ఏం పోయింది? ఇంతకీ మీ పని అయిపోయిందిగా" అంది రత్నం.

"ఉపసంహరించుకోను" అన్నారాయన, గ్లాసు గట్టిగా పట్టుకుని. "జీవితంలో ఇది నా మొదటి అభిప్రాయం. దీన్ని వదులుకోను. మీ పొయ్యి ఎక్కడ?"

రత్నం ఫోను తీసుకుని ఆయన వెనకే వెళ్ళింది. పద్మనాభంగారు గిన్నె పెట్టి, అగ్గిపుల్ల మూడోసారికి వెలిగించి, నీళ్ళు పొయ్యాలా పాలు పొయ్యాలా అని ఆగారు. అక్కడే మెంబర్లకి ఒక సంగతి తట్టింది. సినిమా తీసినవాళ్ళు లేకపోవచ్చు, రోడ్డు వేసినవాళ్ళు కొందరే కావచ్చు, కానీ టీ పెట్టనివాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. అందరికీ అర్హత ఉంది!

ఇక చూడాలి. 'ముందు నీళ్ళండి' 'నీళ్ళేంటి, ముందు పాలే' 'మీ ఊళ్ళో టీ తాగితే కడుగునీళ్ళు తాగినట్టుంటుంది' 'మా ఊరి గురించి మాట్లాడడానికి నువ్వు మా ఊళ్ళో పుట్టావా?' 'అల్లం దంచాలి' 'అల్లం వేసేవాడు అసలు మనిషేనా?' కామెంట్లు చదవడానికి వీల్లేనంత వేగంగా పరిగెత్తాయి. మస్తాన్ నెలరోజుల ఆకలి ఒక్కసారి తీర్చుకున్నాడు. టీ పొడి ఎప్పుడు వెయ్యాలన్న దానిమీద ఏడుగురితో ఒకేసారి కలబడ్డాడు. రత్నం "ఆగండర్రా, పొంగుతున్నాయి, చూసుకోండి సార్!" అని అరుస్తూ, తనుకూడా పాలవైపు చేరి దెబ్బలాడింది. నోట్లో చేదు ఎప్పుడు పోయిందో ఆవిడ చూసుకోనేలేదు.

పాలు సగం పొయ్యి మీదికి పొంగాయి. మిగిలినదాన్ని పద్మనాభంగారు వడగట్టి రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి రత్నం ముందు పెట్టారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తమకి దీనిపై ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. చెప్పండి."

కామెంట్లు టక్కున ఆగిపోయాయి. మస్తాన్ రత్నం రెండో ఫోనుకి చేశాడు. "రత్నంగారూ, మీకు దణ్ణం పెడతాను, బావుందని చెప్పెయ్యండి! ఒక్క ముక్కండి. ఆయన సంతోషపడితే ఛానెలు నిలబడుద్ది. ఇప్పుడు మీ నోరు కట్టుకోకపోతే మనందరి నోళ్ళూ పోతాయండి!"

రత్నం ఒక గుక్క తాగింది. మాడిన వాసన ముక్కుకి కొట్టింది. ఆ ఒక్క మాట అనెయ్యడం ఎంతసేపు? ఆదివారం నాలుగింటి గంట తన చేతుల్లోనే ఉంది. కానీ ఆ గంట కాపాడుకోవడానికి అబద్ధం చెప్పాక, ఆ గంటలో కూర్చుని ఇంకేం చెబుతుంది? గ్లాసు కింద పెట్టింది.

"బాగోలేదండి" అంది. "పొడి మాడిపోయింది. పాలు అడుగంటిన వాసన. పంచదార అసలు వెయ్యనేలేదు."

మస్తాన్ అవతల "అయిపోయింది" అన్నాడు.

పద్మనాభంగారు రెండో గ్లాసు అందుకుని తాగారు. మధ్యలో ఆపకుండా ఆఖరి చుక్క దాకా తాగారు. "ఇప్పుడు నాకు అర్హత ఉంది కదమ్మా?"

"ఉందండి."

"దరిద్రంగా ఉంది" అన్నారాయన. అంత తృప్తిగా ఆ మాట అన్న మనిషిని రత్నం అంతవరకు చూడలేదు. "చాలా దరిద్రంగా ఉంది. తమరు నిజమే చెప్పారు. నాకు మొహం మీద నిజం చెప్పినవాళ్ళు మా శాఖలో ఎవరూ లేరు."

ఆయన స్టూలు మీద కూర్చుని, ఫైలులోంచి నివేదిక ఫారం తీసి, కలం మూత విప్పారు. 'అనుభవము గడించితిని' అని రాశారు. 'కూడలిని కొనసాగించవచ్చును' అని రాశారు. మూడో గడిలో 'చట్టము ఎట్లున్నది' అన్న చోట కలం ఆగింది.

మస్తాన్ నోరు ఊరుకుంటుందా? 'సార్, రూలు రూలేనండి. చట్టం గురించి రాయాలంటే చట్టం చేసిన అనుభవం ఉండాలిగా' అని కామెంటు పెట్టాడు. రత్నం భయపడుతూనే దాన్ని పైకి చదివింది.

"ఉంది" అన్నారు పద్మనాభంగారు, తల ఎత్తకుండా. "అప్పుడు నేను రాజధానిలోనే పనిచేసేవాణ్ణి. పైనుంచి ఒక కామెంటు కాగితం మీద పెట్టి నా దగ్గరికే పంపించారు. దాన్ని సెక్షన్లుగా విడగొట్టి, ఈ చట్టం మొత్తం రాసింది నేనే. పంపించేటప్పుడు ఎలా ఉందని నన్నెవరూ అడగలేదు."

రత్నం ఫోను కొంచెం దగ్గరికి జరిపింది. "ఇప్పుడు నేను అడుగుతున్నాను సార్. ఎలా ఉంది?"

పద్మనాభంగారు ఆ గడిలో 'బాగోలేదు' అని పెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేశారు.